రెండో సగం

వయింగాపు రేడియోలో నాకు నేర్పిన మొదటి పాఠం:
చెప్పిందే చెప్పడం దోషం.
మకస్సార్ నుంచి వచ్చిన ఇంజినీరు నా చేతిలో బ్లేడు పెట్టి
"వినేవాడికి ఒకే చెవి ఉందనుకో రంబు యీవా" అన్నాడు.
పదకొండేళ్ళుగా ఆ బ్లేడుతోనే అన్నం తింటున్నాను.

ఆ రోజు రాతి లాగుడు.
సుంబా ద్వీపం తూర్పున, ఎండిన గడ్డి కొండల నట్టనడుమ,
దుంగల మీద సమాధి రాయి,
తాళ్ళకి వందమంది.
రాయి మీద నిలబడి ముసలాయన, ఉంబు రెటాంగ్,
పిలుస్తున్నాడు:

పడవలా కదులు, ఓ రాయీ,
తెరచాపలా ఊగు, ఓ బండా.
అల లేదనకు, మా భుజాలే అల,
గాలి లేదనకు, మా ఊపిరే గాలి.

అలా పదకొండు నిమిషాలు.
నాకిచ్చింది నాలుగు.

తెరచాప తీసేశాను, పడవ ఉంది కదా అని.
బండ తీసేశాను, రాయి ఉంది కదా అని.
పాదానికీ పాదానికీ నడుమ ఆయన తీసుకున్న ఊపిరి కూడా కోశాను,
అది మాట కాదు కాబట్టి.
అర్థం ఎక్కడా చెడలేదు. అదీ నా గర్వం.
కాళ్ళ దగ్గర టేపు ముక్కలు,
మంగలి దుకాణంలో జుట్టులాగా.

రాత్రి ఏడింటికి ప్రసారం.
మర్నాడు పొద్దున్నే కొబ్బరి బస్తాల లారీ ఎక్కి వచ్చాడు.
తమలపాకూ వక్కా నా ముందుకి జరిపాడు.
తిట్టడానికి ముందు మర్యాద కాబోలనుకున్నాను.
నెమ్మదిగా నమిలి అన్నాడు:
"నిన్న నీ రేడియోలోంచి నా మాటలు
మొగుళ్ళు పోయినవాళ్ళలా ఒక్కొక్కటే నడిచెళ్ళాయి.
ఏం జరిగింది వాటికి?"

నాలుగు నిమిషాలే అన్నాను.
దోషం అన్నాను.

"మేమిద్దరం పలికేవాళ్ళం.
మొదటి సగం నాది, రెండో సగం వులాంగ్‌ది.
నేను రాయి అంటే వాడు బండ.
నలభై ఏళ్ళలో నేను విసిరిన మాటని
ఒక్కసారీ కింద పడనివ్వలేదు.
మొక్కజొన్న నాటే నెలలో జ్వరమొచ్చి పోయాడు.
ఇప్పుడు రెండు సగాలూ నేనే.
గొంతు నాదే.
రెండో పాదం ముందు మాత్రం
ఊపిరి వాడిలా తీసుకుంటాను."

రాయి ఎవరి కోసమో నాకు తెలియక కాదు.
ఉంబు వులాంగ్ అని బులెటిన్‌లో రాసింది నేనే.
పేరు ఉంచాను. మనిషిని ఊడ్చేశాను.

ఊడ్చిన బుట్ట ఇంకా బయట పారబొయ్యలేదు.
మధ్యాహ్నం దాకా ముక్కలు అతికించాం.
ఏది దేని తర్వాతో నేను టేపుని చూసి చెప్పలేకపోయాను,
ఆయన చెవి దగ్గర పెట్టుకోకుండానే చెప్పాడు.

తర్వాత ఆయన యంత్రం ఎదురుగా కూర్చున్నాడు.
నేను చక్రం మీద వేలు పెట్టి ఆపుతూ, వదులుతూ ఉన్నాను.

పడవలా కదులు, ఓ రాయీ, అన్నాడు.
తెరచాపలా ఊగు, ఓ బండా, అంది టేపు.
అల లేదనకు, మా భుజాలే అల, అన్నాడు.

చక్రం తిరిగింది. ఏమీ లేదు.
ఆ ముక్క ఎవరి చెప్పుకో అంటుకుని వెళ్ళిపోయి ఉంటుంది.
ఆయన ఆగాడు.
యంత్రం వైపు కాదు, నా వైపు చూస్తూ ఆగాడు.

నాకొచ్చు ఆ పాదం.
కోసింది నేనే కదా.
ఊపిరి తీసుకున్నాను, ఎలా తీసుకోవాలో తెలియకుండానే:
గాలి లేదనకు, మా ఊపిరే గాలి.

ఆయన తలూపలేదు, మెచ్చుకోలేదు.
తర్వాతి పాదం విసిరాడు.

ఆ సాయంత్రం బజారు ధరలు చదివే వంతు నాది.
వక్క కిలో ఎంతో చదివాను.
మళ్ళీ చదివాను.
గాజు అద్దం వెనక నుంచి మేనేజరు చెయ్యెత్తి
పొరపాటా అని సైగ చేశాడు.
కాదన్నాను.
కాదు.